పదకొండో నంబరు

ఆట నేనెప్పుడూ చూడలేదు.
శనివారం రాత్రి గ్రౌండు దీపాలార్పాక
ఇరవై మూడు చొక్కాలు గోతాల్లో నా గదికొస్తాయి.
స్కోరెవరూ చెప్పక్కర్లేదు.
గెలిచినవి బీరు కంపు కొడతాయి,
ఓడినవి వట్టి చెమట.

సకియాసి వచ్చింది జనవరిలో.
గరోన్ నది పొగమంచులో రబ్బరు చెప్పులు,
భుజాన ఒకటే సంచి.
దాని జేబు తిరగేస్తే గుప్పెడు ఇసుక రాలింది.
మెషిను పాడవుతుందని కసిరాను.
భాష రాని నవ్వొకటి నవ్వాడు.
ఫ్రెంచి ముక్కలు నాలుగు పట్టుబడ్డాక చెప్పాడు,
అది సింగతోకా దిబ్బలదని.
తెల్లారకముందే మేనమామ నెమానీ
ఊరి కుర్రాళ్ళని దిబ్బ మీదికి తోలేవాడట.
ఎక్కినవాడికి ఉడికిన కర్రపెండలం,
జారినవాడికి మళ్ళీ దిబ్బ.
బంతి లేక, ప్లాస్టిక్ సీసాలో గడ్డి కూరి
అదే చంకన పెట్టుకుని పరుగు.

మొదటి ఏడు ఎడమ భుజం మీద పచ్చటి మరక,
వారం వారం అదే చోట.
గీత దాటి ఎప్పుడూ ఎడమకే దూకుతాడన్నమాట.
పత్రికలవాళ్ళు ఏం రాశారో నాకు తెలీదు.
నా లెక్క నాది:
పద్నాలుగు ట్రైలు, మూడు వెనిగర్ సీసాలు.

మణికట్టుకి తెల్ల టేపు చుట్టి
దానిమీద పెన్నుతో పేరు రాసుకునేవాడు.
ఆట అయ్యాక దాన్ని మేజోళ్ళలో కుక్కేసి మరిచిపోయేవాడు.
ఒక వారం అమ్మ పేరు, వాసెమాదా.
ఒక వారం చర్చి అని. రేకులకి డబ్బు పంపిన నెల అది.
ఒక వారం "నలభై హార్స్‌పవర్".
పినతండ్రి కొడుకు పడవ ఇంజనట!
జీతం ఒకటి, చాచిన చేతులు నలభై.
ఈ ఫిర్యాదు అతనిది కాదు, నాది.

మూడో ఏడు మార్చిలో తండ్రి పోయాడు,
క్వార్టర్ ఫైనల్‌కి రెండు రోజుల ముందు.
మ్యాచ్ అయ్యాక టికెట్ కొంటామన్నారు.
మూడు విమానాలు, రెండు రాత్రులు.
గొయ్యి ఎవరికోసం ఆగుతుంది?
ఆడాడు.
ఎడమ భుజం తెల్లగా వచ్చింది.
చేతి అంచున మాత్రం ఉప్పు, తుడుచుకున్న చోట.

మర్నాడు నా గదిలో నేలమీద కూచుని
చెక్క గిన్నె లేక బకెట్లోనే
యంగోనా వేరు పొడి కలిపి, చిప్పతో నాకూ ఇచ్చాడు.
ఒకసారి చప్పట్లు కొట్టి తాగాలి, తాగాక మూడుసార్లు.
మట్టినీళ్ళ రుచి. నాలుక మొద్దుబారింది.
మెషిను హోరునే శ్రుతి చేసుకుని
వాళ్ళ ప్రార్థన పాట మంద్రంలో ఎత్తుకున్నాడు.
స్పిన్ మొదలయ్యాక గొంతూ పెంచాడు.

ఆరో ఏడు మోకాలు.
ఆట మొదలైన తొమ్మిదో నిమిషంలో.
చొక్కా దాదాపు ఉతికినట్టే వచ్చింది.
ఇన్నేళ్ళలో ఏ మరకకీ భయపడలేదు,
ఆ శుభ్రానికి భయపడ్డాను.

కాంట్రాక్టులో మోకాలికంటూ ఒక వాక్యముందట,
చదివి చెప్పమని తెచ్చాడు.
నాకు సగమే అర్థమైంది.
అర్థమైన సగం చెప్పలేదు.

నంబరు జార్జియా కుర్రాడికిచ్చారు.
చొక్కాకేం, ఏ ఒళ్ళైనా ఒకటే.
వీడు కుడికి దూకుతాడు.

రెండు ఆగస్టులు, ప్లమ్ పళ్ళు ఎండబెట్టే షెడ్లో
సకియాసి తట్టలు మోశాడు.
మాంసం కొట్టువాడు రిఫరీగా ఉండే ఏదో జట్టుకి
ఆదివారాలు కుంటుతూ ఆడాడని విన్నాను.
ఆ చొక్కాలు నా దగ్గరికి రాలేదు.
ఎవరు ఉతికారో.

నిన్న పొద్దున్న ఫోను.
అక్కడ సాయంత్రం. పిల్లల అరుపులు, ఒక కుక్క, నీళ్ళ చప్పుడు.
ఎవరో పారేసిన చొక్కాలు పదిహేను దొరికాయట.
ఒకడికి పెదవి చిట్లింది,
నెత్తురు ఎలా పోతుంది, అనడిగాడు.
ఎనిమిదేళ్ళు నా ఊళ్ళో ఉండి ఇదా నేర్చుకోనిది!
చల్లనీళ్ళు, అన్నాను, వెంటనే.
వేడినీళ్ళు తగిలాయా, ఇక పట్టేస్తుంది.
ఇక్కడ వేడినీళ్ళెక్కడివి ఒదెత్, నది ఉంది, అన్నాడు.
పిల్లలు ఏ పక్కకి దూకుతున్నారని అడగబోయాను.
లైను తెగింది.
మెషిను కూడా ఆగి చాలాసేపైనట్టుంది.